చూడటానికి మాత్రమే

ఆ ఉదయం తాళాలరాయుడి పథకం చాలా చిన్నది. పదకొండింటిలోపు లిస్టు శుభ్రం చేయాలి, కంపెనీ ఓనరు మేడమ్ చేత సెలవు చీటీ మీద సంతకం పెట్టించుకోవాలి, ఒంటిగంట బస్సుకి భార్యతో కలిసి సముద్రం చూడటానికి వెళ్లాలి. పెళ్లయిన ఆరేళ్లలో ఈ ప్రయాణం నాలుగుసార్లు వాయిదా పడింది. ఈసారీ తప్పితే తానొక్కతే వెళ్తానని ఆవిడ పెట్టె సర్దుతూ ప్రశాంతంగా చెప్పింది. ఆ ప్రశాంతతకే ఆయన హడలిపోయాడు.

తాళాలరాయుడన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఊళ్లోని మూడు వందల లిఫ్టులను ఆ కంపెనీ ఆరో అంతస్తు గదిలోంచి కనిపెట్టుకుని ఉంటుంది. ఏ లిఫ్టు ఆగినా తెర మీద ఎర్రగా వెలుగుతుంది. అక్కడే ఒక మీట నొక్కితే చాలావరకు మళ్లీ కదులుతుంది. ఆ మీట ఎవరు నొక్కవచ్చో, ఎవరు ఊరికే చూడవచ్చో తేల్చే లిస్టు ఈయన చేతిలో ఉంటుంది.

తన లిఫ్టులు అప్పగించేముందు పదకొండింటికి ఆ లిస్టు చూడటానికి ఒక బిల్డరు వస్తున్నాడు. ఆయనవి పన్నెండు భవనాలు. ఇంతకుముందు వాటిని చూసిన కంపెనీలో ఉద్యోగం మానేసినవాడొకడు ఇంట్లో కూర్చుని ఆ లిఫ్టులు ఆపి సరదా తీర్చుకున్నాడట. అప్పటినుంచి ఆయన ఎవరినీ నమ్మడం లేదు.

రాయుడు పని మొదలుపెట్టాడు. మానేసినవాళ్లను తీసేశాడు. రిసెప్షన్ అమ్మాయికి 'చూడటానికి మాత్రమే' అని పెట్టాడు. దాంతో ఊపు వచ్చింది. మెకానిక్కులు ఎలాగూ లిఫ్టు దగ్గరికే వెళతారు కదా, వాళ్లకూ అంతే. మేడమ్ ఏనాడైనా మీట నొక్కిందా? ఆవిడకూ అంతే. చివరికి తన పేరు మిగిలింది. ఎవరి హక్కులు వాళ్లే ఖాయం చేసుకోకూడదన్న నియమం రాసింది తానే. నిజాయితీ పొంగుకొచ్చి తన హక్కూ తీసేసుకున్నాడు. మేడమ్ వచ్చి మళ్లీ ఇస్తుందిలే అనుకుని కాఫీ అందుకున్నాడు. ఇచ్చే హక్కు ఆవిడకు ఇందాకే పోయిందన్న సంగతి రెండో గుక్కలో తట్టింది.

వెంటనే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాడు. అక్కడి అమ్మాయి గొంతు తియ్యగా ఉంది.

"మీ అడ్మిన్‌తో మాట్లాడించండి సార్."

"నేనేనమ్మా అడ్మిన్ని."

"మీకు చూడటానికి మాత్రమే అని ఉంది సార్."

"అది పెట్టింది కూడా నేనే."

"అయితే బాగా ఆలోచించే పెట్టుంటారు. మార్చాలంటే లెటర్‌హెడ్ మీద రాసి పంపండి సార్."

అంతలో తెర ఎర్రబడింది. ఆగింది సొంత ఆఫీసు లిఫ్టే, నాలుగుకీ అయిదుకీ మధ్య. స్పీకరులోంచి, లోపల బిల్డరుకి ధైర్యం చెబుతున్న మేడమ్ గొంతు వినిపించింది. "కంగారు పడకండి సార్. మావాడు పైనుంచి చూస్తూనే ఉంటాడు. మహా చురుకైనవాడు."

చూస్తూనే ఉన్నాడు పాపం. వినడానికి అనుమతి ఉంది, బదులు చెప్పడానికి లేదు. మీట నొక్కితే తెర మర్యాదగా కాదంది. మెట్లు దిగుతూనే మెకానిక్‌కి ఫోన్ చేశాడు. ఆ మెకానిక్ ఆయన బావమరిది.

"పొద్దున్నుంచి నా ఫోన్లో లిఫ్టు మీట ఏదీ పనిచేయట్లేదు బావా. నేనే ఏదో చెడగొట్టాననుకున్నా. ఇది నీ నిర్వాకమా?"

"తర్వాత తిడుదువుగానీ, ముందు రా."

"వస్తున్నా. అక్క బస్టాండుకి బయల్దేరింది, తెలుసా?"

అతను వచ్చి, పైన మెషిన్ గదిదాకా మెట్లెక్కి, చేత్తో తిప్పి లిఫ్టును అయిదో అంతస్తుకి చేర్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆలోగా రాయుడు అయిదో అంతస్తు తలుపుకి నోరు ఆనించి జరిగినదంతా దాచకుండా ఒప్పుకున్నాడు.

"అంటే," అంది బిల్డరు గొంతు, "ఓనరే లోపల ఇరుక్కున్నా మీట నొక్కలేరా?"

"నొక్కలేమండీ."

"లిస్టు రాసింది నువ్వేగా, నువ్వు కూడానా?"

"నన్ను నేనే తీసేసుకున్నానండీ."

తలుపు తెరుచుకుంది. ఉద్యోగమూ సముద్రమూ రెండూ పోయినట్టేనని రాయుడు తల వంచుకుని నిలబడ్డాడు. బిల్డరు చెమట తుడుచుకుంటూ వచ్చి ఆయన భుజం తట్టాడు.

"నాలుగు కంపెనీలు చూశానయ్యా. అడిగినవాడికల్లా తాళం ఇచ్చేవాళ్లే. సొంత ఓనరుకి కూడా ఇవ్వనివాళ్లని ఇప్పుడే చూశాను. ఆ కాగితాలు తెండమ్మా, సంతకం పెడతాను."

మేడమ్ నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక సెలవు చీటీ మీద తానూ సంతకం గీకేసింది. రాయుడు పరుగున వెళ్లి కదలబోతున్న బస్సెక్కాడు. కిటికీ పక్కన భార్య కనిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నవ్వు ఆపుకుంటూ పక్కకి జరిగింది.

"ఎన్ని రోజులిచ్చారండీ?"

"మూడడిగాను. పదిచ్చింది."

"మీరంటే అంత గురి కుదిరిందా?"

మేడమ్ లెటర్‌హెడ్ మీద రాసి పంపితే, హక్కులు తిరిగి రావడానికి పది రోజులు పడుతుందని సాఫ్ట్‌వేర్ కంపెనీ జవాబు రాసింది. అందాకా ఆఫీసులో ఆయన చేయగలిగిన పనంటూ ఏదీ లేదు.