నా తలలో మచ్చకు మూడు పద్ధతులు

మనిషి తలలో ఏముందో తేల్చేది యంత్రం కాదు, హోదా. ఈ సత్యం నాకు ఆస్పత్రి మీటింగు గదిలో బోధపడింది.

ముందు నన్ను గొట్టంలాంటి యంత్రంలో పడుకోబెట్టారు. ఆ మోత మధ్యలో స్కానింగు అమ్మాయి మైకులో, "తాతా, తల అస్సలు కదపకూడదు, అర్థమైందా?" అంది. నేను మాటలు తక్కువ మనిషిని. తల ఊపాను. "అలా ఊపకూడదు, సరేనా?" అంది. సరేనని మళ్ళీ ఊపాను.

తీరా మీటింగు గదిలో తెర మీద చూస్తే ఒక్కో బొమ్మలో నా తల ఒక్కో చోట ఉంది. కంప్యూటరులో వాటిని తిప్పి, ఒకదాని మీద ఒకటి సరిపెట్టాలట. బొమ్మంతా చిన్న చిన్న గళ్ళేనట, తిప్పితే కొత్త గళ్ళు పాత గళ్ళ మధ్యన పడతాయట. అక్కడేముందో యంత్రం చూడలేదు. ఊహించి నింపాలి. ఎలా ఊహించాలన్నదే చర్చ. మచ్చ ఉంటే తలకు కోత, లేకపోతే నేను ఇంటికి. నాకూ నా కూతురికీ కావలసింది ఉందా లేదా అన్న జవాబొక్కటే.

"పక్క గడిలో ఏముంటే అదే పెట్టేద్దాం సార్" అన్నాడు చిన్న డాక్టరు. పెట్టారు. తెర మీద మచ్చ కనిపించింది, మెట్లు మెట్లుగా.

"మరీ మొరటు. చుట్టూ ఉన్న గళ్ళ సగటు తీయాలి" అంది డాక్టరమ్మ. తీశారు. మచ్చ కరిగిపోయింది. నా కూతురు ఊపిరి పీల్చుకుంది.

పెద్ద డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నారు. "సగటు ఎవరైనా తీస్తారమ్మా. దూరపు గళ్ళను కూడా లెక్కలోకి తీసుకునే వంపుగీత పద్ధతి ఉంది. దాని మీద పుస్తకం రాసింది నేనే."

ఆ పద్ధతిలో మచ్చ తిరిగొచ్చింది, చుట్టూ ఉంగరాలు తొడుక్కుని మరీ.

"ఎంత స్పష్టంగా ఉంది సార్!" అన్నాడు ప్రమోషను రావలసిన చిన్న డాక్టరు.

"నేనూ ఇదే అనబోయాను" అంది డాక్టరమ్మ.

ఆ విధంగా నా తలకు ఏకగ్రీవంగా కోత ఖాయమైంది.

నా కూతురు లేచి నిలబడింది. "సార్, ఇంకోసారి స్కానింగు తీస్తే సరిపోదా?"

"ఎందుకమ్మా? మళ్ళీ తీస్తే మా పద్ధతి మీద మాకే నమ్మకం లేనట్టుండదూ?" అన్నారు పెద్ద డాక్టరు.

"మరి ఇదే మీ నాన్నగారి తలైతే ఏ పద్ధతి వాడతారు సార్?"

"మా నాన్నదా?" అన్నారాయన, ఆలోచించకుండానే. "మా నాన్నకి పద్ధతులేంటమ్మా? మళ్ళీ తీయిస్తాను."