కండె పందెం

జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలప్రాంతాలని సర్కారు చాటిన ఆ సంవత్సరాన, దొరల గడీల తలుపులు గడగడలాడుచుండగా, పోలీసు వ్యాన్ల ధూళి దశదిశలా కమ్ముచుండగా, సూర్యుడు సిరిసిల్ల నేతవాడ పెంకులమీదికి బారెడెక్కిన శుభఘడియన, వినండి జనులారా, ఒక మహాసంగ్రామం పుట్టింది. గడీలో కాదు. ఇంట్లో.

వీరుడు లస్మయ్య. సంఘనాయకుడు, వెట్టిచాకిరీగజకేసరి, దొర ముందర చెప్పులు విడవని ధీరుడు, మైకు లేకుండానే మూడువాడలు దద్దరిల్లించే మేఘగంభీరకంఠుడు. మంచినీళ్ల చెంబు మాత్రం పెండ్లాం అందిస్తేనే దాహం తీరే మహారాజు.

ఎదుటిపక్షాన ఆయన ఇల్లాలు కిష్టవ్వ. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే నూలుకండెలు ఆడది చుట్టాలి, మగ్గం మగవాడు నేయాలి: వాడలో అది వేదం. పదేళ్లుగా ఆమె రాట్నం తిరిగితేనే ఆయన మగ్గం ఆడింది.

ఆ పొద్దు కోరుట్లలో ఆడవాళ్ల సభ. ఇంటికొకరు కదలిరావాలని ముందురోజు వాడంతా చాటినవాడు లస్మయ్యే. కిష్టవ్వ ఉతికిన చీర కట్టి గడప దాటబోయింది.

"ఏందే, ఎటు పయనం?"

"కోరుట్లకు. నువ్వే కద రమ్మని ఒర్రినవ్."

"గది వాడోళ్లకు చెప్పిన. నువ్వు పోతే కండెలెవలు సుడ్తరు?"

"నువ్వు సుట్టుకో."

అంతట ఆ వీరుడు పిడికిలెత్తి సభాముఖంగా గర్జించాడు: "భూస్వామ్యం కూలాలె! లోకమంత మారాలె! గని మొగోడు రాట్నం ముంగట కూసునుడేంది? గది పనా? పోరగాండ్ల ఆట!"

"ఆటనే అయితే ఒక్క కండె సుట్టి సూపియ్యి. పోగు తెగకుంట సుడితివా, నేనీడనే ఉంట, మల్ల జల్మల సభ పేరే ఎత్తను. తెగిందా, బస్సెక్కుత."

గద దొరకని భీమసేనునివలె పంచె ఎగగట్టి, రాట్నసమ్ముఖాన ఆసీనుడై, దక్షిణహస్తంతో ఆ చక్రాన్ని సుదర్శనంవలె గిర్రున తిప్పి, వామహస్తాంగుళుల నడుమ పోగును శత్రుకంఠంవలె బిగించి పట్టగా, ఫట్టుమని తెగింది.

"ఈ నూలే మంచిగ లేదు!"

"ఇంకో రెండుమాట్లు సూడు పో," అంది కిష్టవ్వ, కరుణాసముద్ర.

రెండోమాటు తెగింది. మూడోమాటు కండె నడుమ ఉల్లిగడ్డలా ఉబ్బింది. బస్సుకు తోడు వచ్చిన పక్కింటి పోచవ్వ తొంగిచూసి, "ఓ లస్మన్నా, దొరను ఒంచినవ్, దారం ఒంగుతలేదా?" అని నవ్వింది. ఆ నవ్వుకే తెగింది.

సమాసాలు చాలు. ఓడిపోయాడు.

ఆడవాళ్లిద్దరూ స్టాండుకు పోయి రుద్రంగి మీదుగా కోరుట్ల పోయే బస్సెక్కారు. బస్సు కదలబోతుండగా లస్మయ్య చెమటలు కక్కుతూ ఉరికొచ్చాడు.

"సూడు, దింపనీకే అచ్చిండు," అంది పోచవ్వ. కిష్టవ్వ ముందుసీటు కమ్మీని గట్టిగా పట్టుకుంది.

లస్మయ్య కిటికీ పట్టుకుని అటూ ఇటూ చూసి, లోకానికి తెలియని ఒక కొత్త చిన్నగొంతుతో అడిగాడు: "ఏమే... తెగిన పోగు ఎట్ల అతకాలె?"

"ఉమ్ముతడి అద్ది రెండు కొసలు కలిపి పేను. మెల్లగ. దాని మీద ఒర్రకు."

బస్సు కదిలింది.

రాసుకోండి చరిత్రకారులారా! ఊళ్లు విడిపించిన కథలు ఎవరైనా చెబుతారు. ఆ పూట సిరిసిల్ల స్టాండులో, తుపాకీ పేలకుండా, నెత్తురు చుక్క రాలకుండా, కిటికీ పక్కన మూరెడు వెడల్పు సీటొకటి విముక్తప్రాంతమైంది!