తూము మూసిన పీహెచ్‌డీ

"ఇయ్యాల్టి నుంచి నా పీహెచ్‌డీ తోని ముసలయ్య క్యాంపు పేరు ప్రపంచ విద్యా చరిత్రల ఎక్కుతది!" అని స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ జంబన్నగారు బడి మెట్టు మీద నిలబడి ప్రకటించారు.

అప్పటికి ఆ పేరు తాలూకా మ్యాపులోకే ఎక్కలేదు. అయినా క్యాంపు జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళంతా కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర కాలవ కింద రేగడి కొనుక్కుని వరి వేస్తున్న వాళ్ళు. ఏ ఆఫీసరు ఏం చెప్పినా ముందు చప్పట్లు కొట్టేసి, తర్వాత నీళ్ళ సంగతి అడగడం వాళ్ళకి అలవాటు.

ముసలయ్యగారి కోడలు పున్నమ్మకి మాత్రం అనుమానం వచ్చింది. "పీహెచ్‌డీ అంటే ఏం చేస్తారండీ?"

జంబన్నగారి మొహం వెలిగిపోయింది. ఆయన సర్వీసులో ఇన్నాళ్ళూ ప్రశ్నలన్నీ ఆయనే అడిగారు.

"ఇది కూసోని రాసే పీహెచ్‌డీ కాదమ్మా. యాక్షన్ రీసెర్చ్! ముందుగాల ఒక సమస్య పట్టాలె. దానికి ఏదన్న ఒకటి చెయ్యాలె. చేస్తే ఏమైందో చూడాలె. మల్ల ఆలోచించాలె. గిట్ల చక్రం లెక్క తిరుగుతనే ఉండాలె."

"మరి సమస్య ఏంటండీ?"

"మీ పిల్లలే."

సమస్య నిజమే. నాట్ల రోజుల్లో ఆ బడిలో పంతులమ్మ రాజ్యలక్ష్మి తప్ప మనిషి కనపడదు. పెద్దపిల్లలు నారు కట్టలు అందిస్తారు. నడిపివాళ్ళు గట్ల మీదికి అన్నం మోస్తారు. చంటివాళ్ళని, వాళ్ళకంటే కాస్త పెద్ద చంటివాళ్ళు చూసుకుంటారు.

దీనికి జంబన్నగారు తీసుకున్న యాక్షన్ సామాన్యమైంది కాదు. బండిచక్రమంత అట్టసూర్యుణ్ణి చేయించి, పసుపురంగు పూయించి, బడి గోడకి తగిలించారు. దాని పేరు హాజరు సూర్యుడు. బడికొచ్చిన పిల్లలు రోజూ తలా ఒక కాగితపు కిరణాన్ని ఆ అట్టకి గుచ్చాలి; సాయంత్రానికి అవి తీసేస్తారు. బోడి సూర్యుణ్ణి చూసి మిగతా పిల్లలు సిగ్గుపడి రావాలి. బడికి రాని పిల్లలు గోడ మీది సూర్యుణ్ణి ఎలా చూస్తారని రాజ్యలక్ష్మి అడగబోయి, తన ఇంక్రిమెంటు గుర్తొచ్చి ఊరుకుంది.

ఆగస్టంతా సూర్యుడు తిరుపతి వెళ్ళొచ్చినట్టే ఉన్నాడు. అక్టోబరు వచ్చేసరికి కిరణాలు గుచ్చడానికి చోటు చాల్లేదు.

"చూసినవా అమ్మా! సూర్యుడు పనిచేసిండు!" అన్నారు జంబన్నగారు.

"నాట్లయిపోయాయి కదండీ," అంది పున్నమ్మ.

"అది బాహ్య కారకం. దానికి ఫుట్‌నోట్ పెట్టిన."

థీసిస్ టైపయింది. ఎర్ర రెక్సిన్ బైండు వేసుకుని, పెళ్ళికూతురులా యూనివర్సిటీకి బయల్దేరింది. రాయచూరులో జంబన్నగారింటి గుమ్మానికి కొత్త బోర్డు కూడా తయారైంది. పేరుకి ముందు "డా." అని రాయించి, యోగం వచ్చేదాకా దానిమీద కాగితం అతికించారు ఆయన భార్య రామాబాయిగారు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. పరీక్షించడానికి వచ్చే ప్రొఫెసరుగారు నిజాయితీపరుడు కావడం వల్ల చిక్కొచ్చింది. క్రియాత్మక పరిశోధనకి వైవా కూడా క్రియ జరిగిన చోటే జరగాలని, తను స్వయంగా క్యాంపుకొచ్చి పిల్లల్ని చూస్తానని ఆయన కబురు చేశారు. ఆయన పెట్టిన ముహూర్తం సరిగ్గా రెండో పంట దాళ్వా నాట్ల వారం.

జంబన్నగారు మోటార్ సైకిలు మీద వచ్చి పడ్డారు. "ముసలయ్యగారూ, ఆ దినం ఒక్క పిల్లగాడు గూడ పొలంల కనపడొద్దు."

"అయ్యా, ఆ వారం మా వంతు నీళ్ళండి. కాలవ వచ్చిందంటే పిల్లలేంటి, మా ఇంట్లో దేవుడి పటాలు కూడా గట్టు మీదే ఉంటాయి."

జంబన్నగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. పరిశోధకుడు కదా, సమస్య మూలం వెంటనే తట్టింది. నీళ్ళొస్తే నాట్లు, నాట్లుంటే పిల్లలుండరు. ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసరు నాగన్న ఆయన సొంత బావమరిది.

వంతు రోజు తెల్లారగానే పున్నమ్మ కాలవ దగ్గరికి వెళ్ళింది. కాలవలో నీళ్ళున్నాయి. వాళ్ళ తూము తలుపు మాత్రం దించి ఉంది. కాలవ కాపలా చూసే లస్కరు సుంకప్ప దాన్ని ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏమయ్యా సుంకప్పా, ఇవాళ మా వంతు కదా?"

"వంతు మీదేనమ్మ. తూము రిపేరుల ఉంది."

"నిక్షేపంలా ఉంది కదయ్యా. ఏం రిపేరు?"

"ఎజుకేషన్ రిపేరమ్మ." సుంకప్ప అటూ ఇటూ చూశాడు. "జంబన్న సార్ వైవా అయ్యేదాంక తలుపు ఎత్తొద్దని నాగన్న సార్ హుకుం. వైవా అంటే ఏందో నాకు తెల్వదు. మీరే జర చూసి చెప్పుండ్రి, అయిపోంగనె ఎత్తుత."

రెండ్రోజులే కదా అనుకున్నారు క్యాంపు జనం. ఇంతలో ప్రొఫెసరుగారికి జలుబు చేసింది. వారం వాయిదా అని టెలిగ్రాం వచ్చింది. నారుమడి నెర్రెలిచ్చింది. పున్నమ్మ మంచినీళ్ళ బావి నుంచి బిందెలతో మోసి నారు మీద చల్లింది. నాట్లకి మాట్లాడుకున్న ముఠామేస్త్రి హుచ్చమ్మ వచ్చి మడి చూసి నోరు నొక్కుకుంది.

"కణుపు పడుతున్నదమ్మ. ఇంక మూణ్ణాలుగు దినాలు పోతే పశులకు ఎయ్యనీకె తప్ప పనికిరాదు. నా ఆడోళ్ళని ఎన్ని దినాలు ఖాళీగ కూసోబెట్టాలె? పక్క క్యాంపుకు పోతం."

"రెండ్రోజులాగవే తల్లీ," అని బతిమాలి, పున్నమ్మ తిన్నగా బడికి వెళ్ళింది. జంబన్నగారు అక్కడే ఉన్నారు. బెంచీల మధ్య అటూ ఇటూ తిరుగుతూ జవాబులు బట్టీ పడుతున్నారు.

"సారుగారండీ, మా నారు ముదిరిపోతోందండీ."

ఆయన ఆగారు. పాపం, ఆయనా నాలుగు రోజుల్నుంచి నిద్రపోయినట్టు లేరు. "నేను గూడ నారే కదమ్మా. నలభై ఏడేండ్లు ముదిరిన. ఇప్పుడు నాటుకోకపోతే ఇంక నాటేది లేదు. నన్ను పాస్ కానీ. అయిన నిమిషంల నీళ్ళు నీవి."

పున్నమ్మ ఇంటికొచ్చి మావగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ముసలయ్యగారు చుట్ట పక్కన పెట్టి, "అయితే ఆయన్ని పాసు చేయించాల్సింది మనమేనన్న మాట," అన్నారు.

క్యాంపంతా పెళ్ళివారిలా కదిలింది. వైవా రోజున పిల్లలకి తలంటు పోశారు, బడికి తోరణం కట్టారు. పిల్లలు గుచ్చిన కిరణాలతో సూర్యుడు పందిపిల్ల ముళ్ళపందయినట్టు నిక్కపొడుచుకున్నాడు. ప్రొఫెసరుగారు సన్నగా, మెత్తగా ఉన్నారు. బళ్ళారి వైపు మనిషి, తెలుగొచ్చు. బెంచీ మీద కూర్చుని, థీసిస్ తెరిచి, మొదటి ప్రశ్నే ప్రాణం మీదికి తెచ్చారు.

"ఈ సూర్యుడు లేకపోయినా పిల్లలు వచ్చేవాళ్ళేమో. రారని ఎలా చెప్పగలరు?"

జంబన్నగారు థీసిస్ ముందుకి తిప్పారు. వెనక్కి తిప్పారు. చెమట తుడుచుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ పున్నమ్మకి ఆ చెమటలో తన నారుమడి ఎండిపోతూ కనిపించింది.

"నేను చెప్తానండీ!" అని ముందుకొచ్చింది. "ఆ సూర్యుణ్ణి చూస్తేగాని మా అమ్మాయి పళ్ళు తోమదండీ."

"మీ ఇంట్లోంచి ఈ గోడ కనిపిస్తుందా అమ్మా?"

"మనసులో చూస్తుందండీ."

ప్రొఫెసరుగారు రాసుకున్నారు. ముసలయ్యగారు లేచి, ఆ సూర్యుడు వచ్చాక తనకీ సంతకం పెట్టడం నేర్చుకోవాలని బుద్ధి పుట్టిందన్నారు. హుచ్చమ్మ, "మా ఊరి బడిల గూడ ఒకటి పెట్టుండ్రి సార్, మీకు పుణ్యముంటది," అంది. తర్వాత ఎవరు ఏమంటున్నారో తెలీనంతగా అందరూ ఒక్కసారే సాక్ష్యం చెప్పారు. ఏ ప్రశ్న వచ్చినా జంబన్నగారు నోరు తెరవాల్సిన అవసరం కలగలేదు.

ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఊరంతా కలిసి డిఫెండ్ చేసిన థీసిస్ నా జీవితంలో చూడలేదు. వైవా ముగిసింది. అభినందనలు, డాక్టర్ జంబన్న!"

చప్పట్లకి రేకులు అదిరాయి. ప్రొఫెసరుగారు చెయ్యెత్తి ఆపారు. "ఇంత గొప్ప ప్రయోగాన్ని వదిలి వెళ్ళబుద్ధి కావడం లేదు. రెండు వారాలు ఇక్కడే ఉండి కళ్ళారా చూస్తాను. వెళ్ళేటప్పుడు రిపోర్టు మీద సంతకం పెడతాను."

జంబన్నగారు జనం వైపు తిరిగి, ఈ రెండు వారాలూ పిల్లల్ని పంపమన్నట్టు ప్రొఫెసరుగారికి కనపడకుండా రెండు చేతులూ జోడించారు. పున్నమ్మ అది చూసింది. చూసి, పొద్దు గూకకుండానే కాలవ దగ్గరికి నడిచింది.

"వైవా అయిందా అమ్మ?" అన్నాడు సుంకప్ప.

"అయింది. ఆ పెద్దాయన నోటితోనే అన్నాడు."

సుంకప్ప బీడీ ఆర్పి, తలుపు ఎత్తాడు.

మర్నాడు ప్రొఫెసరుగారు, జంబన్నగారు కాఫీ తాగి బడికొచ్చేసరికి అందులో రాజ్యలక్ష్మి, సూర్యుడు ఉన్నారు. ఇద్దరూ బోసిగా ఉన్నారు. పక్క పొలంలో మోకాలి లోతు బురదలో నారు నాటుతున్న పున్నమ్మ నడుం ఎత్తి చెవి అటు వేసింది.

"పిల్లలేరీ, డాక్టర్ జంబన్నా?"

జంబన్నగారు పొలాల వైపు చూశారు. మడి మడికీ నీళ్ళు తళతళలాడుతున్నాయి. సూర్యుణ్ణి చూస్తేగాని పళ్ళు తోమదన్న పిల్ల ఇవాళ నారు కట్ట నెత్తిన పెట్టుకుని పరిగెడుతోంది. ఆయన మొహం చూసి పున్నమ్మకి జాలేసింది. చేతిలో నారు మాత్రం ఆపలేదు.

"సార్," అన్నారాయన చివరికి. "సమస్య మల్ల పుట్టింది సార్."

"అంటే?"

"చక్రం సార్! తిరుగుతున్నది! యాక్షన్ రీసెర్చ్‌కు అంతం లేదని రెండో అధ్యాయంల రాసిన. మీ కండ్ల ముందరనే రుజువైతున్నది."

ప్రొఫెసరుగారు థీసిస్ తెరిచి చూశారు. ఆ మాట నిజంగానే రెండో అధ్యాయంలో ఉంది. జేబులోంచి పెన్ను తీసి, రిపోర్టుని పిట్టగోడ మీదే పెట్టుకుని సంతకం చేశారు.

డాక్టర్ జంబన్నగారికి ప్రమోషన్ వచ్చింది. బోర్డు మీద కాగితం ఊడింది. ముదురు నారైనా పున్నమ్మ పొలం ఎకరానికి పది బస్తాలు తక్కువతో గట్టెక్కింది.

మరుసటేడు నారు పోసే రోజులొచ్చాయి. విత్తనాలు నానబెట్టడానికి పున్నమ్మ బస్తా మూతి విప్పుతుంటే, రాయచూరు వెళ్ళిన ముసలయ్యగారు ఒక వార్త పట్టుకొచ్చారు. ఇరిగేషన్ నాగన్నగారు కూడా పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నారట. తూము మరమ్మతుల వల్ల గ్రామీణ బడుల్లో హాజరు పెరుగుదల గురించట. గైడు డాక్టర్ జంబన్నగారేనట.

పున్నమ్మ విప్పిన మూతి మళ్ళీ బిగించి కట్టింది.

"మావయ్యా, మీరు కాళ్ళు కడుక్కోకండి. అట్నుంచటే వెళ్ళి, ఆయన వైవా ఏ నెలలో పెట్టుకుంటారో కనుక్కుని రండి. దాన్నిబట్టి నారు పోసుకుందాం."