అత్తగారి నేత్రోన్మీలనము అను కటక విజయము

వెలుగుల తల్లీ! సూదిబెజ్జమంత సందు దొరికితే చాలు దూరిపోయి, కొండలను సైతం తలకిందులు చేసి పెట్టెలో పడేసే మాయలాడీ! ఒక్కసారి నా బుర్రలోకి కూడా దూరి, అక్కడ పేరుకున్న చీకటిని కాస్త ఊడ్చిపెట్టు. ఏలయన, నేను గానం చేయబోవునది రాజ్యాల కోసం జరిగిన రణం కాదు, రత్నాల కోసం జరిగిన రణం కాదు. రెండే రెండు రెప్పల కోసం, మూడు దినములపాటు, ఒక ముందుగదిలో జరిగిన భయంకర కటక సంగ్రామము. కటకమనగా లెన్సు. కటకమనగా సైన్యపు విడిది అని కూడా నిఘంటువు చెబుతుంది. ఈ కథలో రెండూ ఉన్నాయి. మూడోది కటకట. అదీ ఉంది, దండిగా.

అది శుక్రవారము, అపరాహ్ణము. ప్రచండ మార్తాండుడు, పదవీవిరమణకు దగ్గరపడిన ఉద్యోగివలె, ఒక కన్ను గడియారం మీద వేసి పడమటి గుమ్మం వైపు మెల్లగా జరుగుతున్న వేళ, నీలిరంగు గేటు గల ఒక ఇంట, సకల క్షేత్ర సీమా నిర్ణయ ధురంధరుడు, గట్టు తగాదాల గండరగండడు, కొలత గొలుసు పట్టెనా అంగుళం జారనివ్వని ఘనుడు, సర్వేయరు, కుడిచేత ఒక ఉత్తరమును, ఎడమచేత అరచేతిలో ఇమిడే ఒక చిన్న కెమెరాను ధరించి, పిడుగు పడ్డ చెట్టువలె నిలిచియుండెను.

ఆ ఉత్తరము అతని అత్తగారికి వచ్చినది. ఆమె సామాన్యురాలా? గణిత గండభేరుండము; ఎక్కాల ఏకచ్ఛత్రాధిపురాలు; ముప్పైనాలుగేళ్ళు బడిలో పనిచేసి, అందులో పద్దెనిమిదేళ్ళు ప్రధానోపాధ్యాయినిగా ఏలి, ఏడేళ్ళ క్రితం విశ్రమించి, ప్రస్తుతం కూతురింట నివసిస్తూ, పాలవాడి లెక్కను సైతం రెండోసారి చెప్పించుకునే మహావిదుషి. బడివారు రాసినదేమనగా: ఆఫీసు గదికి రంగులు వేయించాము, పూర్వపు పెద్దల పటాలన్నీ సోమవారం తిరిగి తగిలిస్తున్నాము, మీ మేకు ఏడేళ్ళుగా ఖాళీగా ఉన్నది, మిగతావారివలె కుర్చీలో కూర్చున్న ఫోటో, తల మొదలు పాదాల వరకు కనిపించునట్టిది, పంపగలరు, లేనిచో ఆ మేకు మీ తరువాతివారికి ఇవ్వబడును.

ఏడేళ్ళు మేకు ఎందుకు ఖాళీ? అదే కదా విషాదము! ఆ తల్లికి ఉద్యోగంలో చేరింది మొదలు కళ్ళు తెరిచి ఉన్న ఫోటో లేదు. పెళ్ళి ఫోటోలో మూసుకుంది. కూతురి పెళ్ళి ఫోటోలో మూసుకుంది. కటకానికి మూత తీసిన మరుక్షణం ఆమె కళ్ళకు మూత పడేది. ఒకసారి స్టూడియోవాడు విసిగిపోయి, కంప్యూటరులో వేరెవరివో కళ్ళు తెచ్చి అతికించాడు. ఆమె ఆ ఫోటో చూసి, "ఈవిడెవరు?" అని తిరిగి ఇచ్చేసింది. ఆనాటి నుంచి స్టూడియో గడప తొక్కలేదు.

"ఆ మేకు నాకొద్దులేవే," అందామె కూతురితో. "కళ్ళు మూసుకున్న ఫోటో పెడితే పద్దెనిమిదేళ్ళూ నిద్రపోయాననుకుంటారు. లేకపోవడమే నయం."

నయమని నోరు అన్నది గాని, ఉత్తరం మాత్రం వేరే కథ చెప్పింది. నాలుగు మడతలు విప్పి, చదివి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పి, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చదివిందో, మడత దగ్గర కాగితం చిరిగింది. సర్వేయరు ఆ చిరుగును చూచెను. అతని గుండె ఆ కొలతకే చిరిగెను.

"వినుము ఇల్లాలా!" అని అతడు గర్జించెను. "ఈ భుజములు గొలుసులు మోసినవి! ఈ కన్ను మైలు దూరపు సరిహద్దురాయిని ఒడిసిపట్టినది! సోమవారము సూర్యుడు అస్తమించులోగా అత్తయ్యగారి నయనయుగళమును వికసింపజేసి ఆ మేకున వేలాడదీయనిచో, ఇకమీదట నేను..."

"అమ్మను మేకుకి వేలాడదీస్తారా?"

"ఫోటోనే!"

"మరి తీయండి. కెమెరా చేతిలోనే ఉందిగా."

"దీనితో వచ్చిన లెన్సు చీకటి గదిలో గుడ్డిదే. ఫ్లాషు వేస్తే ఆవిడ కళ్ళు మూసుకోవడం కాదు, పిండేసుకుంటారు. ఈ కెమెరాకి లెన్సు ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అందుకే కదా ఇది కొన్నది."

ఇల్లాలు కూరగాయల కత్తిని పళ్ళెంలో పెట్టి చూపుడువేలు లేపింది. "ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి. రెండో లెన్సు గడప దాటి లోపలికొస్తే, మీరు గడప దాటి బయటికెళ్తారు."

ఇట్లు పత్నీదత్త ఏకకటకానుజ్ఞాధారియై ఆ వీరుడు కెమెరాల దుకాణమును ప్రవేశించెను. అచట గాజు అరలలో, నల్లని కవచములు తొడిగిన కటక సైన్యము బారులు తీరి నిలిచియున్నది. వాటి నడుమ, మెత్తటి గుడ్డతో ఏదో ఒకటి తుడుస్తూనే ఉండే దుకాణదారుడు కూర్చొనియున్నాడు. మాట తక్కువ మనిషి. నోటిని కూడా తుడిచేసుకున్నాడేమో.

అతడు రెండు లెన్సులను గాజు బల్లపై నిలిపెను. ఒకటి మూరెడు పొడవు. తిప్పితే మరో జానెడు ముందుకు దూకేది. దూరపు వస్తువును దగ్గరికి లాక్కొచ్చే దూరగ్రహణ దుర్దాంతము. రెండవది సీసా మూతంత. దగ్గరకీ రాదు, దూరమూ పోదు, పొడవూ మారదు. ఉన్నచోట ఉండి వెలుతురును గుటకలు వేసి తాగడమొక్కటే దానికి తెలిసిన విద్య.

"ఫోటో తీసే గది ఎన్నడుగులు సార్?" అన్నాడు దుకాణదారుడు.

"నన్నడుగుతారా అడుగులు? ఈ ఊళ్ళో అడుగడుగూ కొలిచినవాణ్ణి, నన్ను అడుగులడిగేవాళ్ళు ఇన్నాళ్ళకి తగిలారు!"

"కొలిచే ఉంటారు లెండి," అని అతడు గుడ్డ మడత మార్చాడు.

వీరుని తర్కము వజ్రసన్నిభము. అత్తగారు కళ్ళెందుకు మూస్తారు? కెమెరాను చూచి. కెమెరా కనబడనంత దూరమున నిలిచితే? ఏల మూయును! పాతికేళ్ళుగా ముక్కాలిపీట మీది యంత్రంలోంచి లోకాన్ని చూసినవాడికి, దూరంగా ఉన్నదే నిజం, దగ్గరున్నది అడ్డం. పొడుగు లెన్సును కెమెరాకు తగిలించి గుమ్మంలో నిలబడ్డాడు. కెమెరాకు లెన్సు పెట్టినట్టు లేదు. లెన్సు తోకకు కెమెరా అతుక్కున్నట్టుంది. ఎదుటి మేడ మీది పావురం ఒక్క ఉదుటున అతని కంటిలో వాలింది. ఈకలు లెక్కపెట్టవచ్చు.

"దాని కళ్ళు తెరిచే ఉన్నాయి!" అని వీధి అదిరేలా అరిచాడు. అంతే, బేరం ముగిసింది. రసీదు మీద దుకాణదారుడు రాసిన ఒక్క వాక్యాన్ని అతడు చదవలేదు: గీత పడకుండా తెస్తే వారంలోపు ఒక్కసారి మార్చి ఇవ్వబడును.

ఇంట, లెన్సుల శాస్త్రంలో నాభ్యంతరం అనే కొలత ఒకటుందని, ఇది పొడుగు నాభ్యంతరమని వివరించబోయాడు.

"మీ నాభ్యంతరం మీద నాకేం అభ్యంతరం లేదు గానీ," అంది ఇల్లాలు, "ఇంత పొడుగు దాన్ని మన గదిలో ఎలా తిప్పుతారు? మూలనున్న బల్లకి తగిలేలా ఉంది."

శనివారము. పూర్వాహ్ణము. రణభేరి మ్రోగించుటకు ఎవరునూ లేకపోవుటచే కుక్కరు కూతవేసెను. అత్తగారు బూడిదరంగు చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. వీరుడు ఎదుటి గోడకు వీపు ఆనించి కన్నుపెట్టెను. కనబడినది ముక్కు. ఒక్క ముక్కు! మహత్తరమైన, ఏకాంతమైన, సరిహద్దులు లేని ముక్కు.

లెన్సును పూర్తిగా కుదించెను. ముఖమైతే వచ్చింది, పాదాలు రాలేదు. గోడను వెనక్కి నెట్టిచూచెను. అది ప్రభుత్వ స్థలం కాదు, జరగలేదు. అంతట ఆ మహావీరుడు, శత్రువుకు వెన్ను చూపకయే, వెనుకడుగుల యుద్ధము ప్రారంభించెను. గది దాటెను, గుమ్మం దాటెను, వసారా దాటెను, పూలకుండీ దాటలేక దానిలో ఒక కాలు పెట్టెను, చివరకు నీలిరంగు గేటుకు వీపు ఆనెను. అప్పుడు, తెరిచిన తలుపుల నడుమ, గుహలోని దేవతామూర్తివలె, అత్తగారు పాదములతో సహా ప్రత్యక్షమైరి.

దూరమైతే కుదిరింది. మాట కుదరలేదు. గేటు వెనక వాహనాల హోరు. అంచేత ఇల్లాలు వసారాలో నిలబడి అందించాల్సి వచ్చింది.

"ఒకటి!" అని వీరుడు.

"ఒకటంటున్నారమ్మా!"

"రెండు!"

"రెండట!"

"మూడు!"

"అమ్మా, మూడు!"

టప్పున రెప్పలు వాలినవి. పదిసార్లు మూడనిరి, పదిసార్లు వాలినవి. పైగా పొడుగు లెన్సు తాగే వెలుతురు చుక్కలు చుక్కలుగానే. చేయి రవ్వంత వణికినా కుర్చీకి ఎనిమిది కాళ్ళు మొలిచాయి.

"ఎంత వెనక్కి పోయినా అంతేనండీ, అల్లుడుగారూ," అని అత్తగారు లోపలి నుంచి కేకవేశారు. "పక్క ఊరు వెళ్ళి తీసినా అంతే. వదిలేయండి."

ఆ మధ్యాహ్నం సర్వేయరు తన ఆఫీసు సంచీలోంచి టేపు తీసి, పద్నాలుగేళ్ళుగా తాను నివసిస్తున్న ముందుగదిని మొట్టమొదటిసారి కొలిచెను. పది అడుగుల రెండు అంగుళాలు. ఊరి గట్లన్నీ కొలిచిన గొలుసు సొంత గుమ్మం లోపలికి ఏనాడూ రాలేదు!

ఇల్లాలు తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఏ తగాదా అండీ?"

"గోడకీ నాకూ."

"ఎవరిది న్యాయం?"

అతడు టేపు చుట్టెను. ఆ చుట్టుటలో ఒక మహాసైన్యం ఆయుధాలు కట్టిపెట్టిన చప్పుడున్నది. అప్పుడే, మొదటిసారిగా, రసీదు చదివెను.

ఆదివారం పొద్దున సగం తెరిచిన దుకాణం షట్టరు కింద నుంచి వంగి దూరుట అన్నది ఎంతటి కిరీటధారికైనా వినయం నేర్పును. దుకాణదారుడు పొడుగు లెన్సును నలువైపులా తిప్పి చూశాడు. గీత లేదు.

"ఎన్నడుగులు సార్?" అన్నాడు మళ్ళీ, అదే గొంతుతో.

"పది," అని వీరుడు తలవంచెను. "రెండంగుళాలు ఎక్కువ."

సీసా మూత చేతులు మారింది. కటకం కంటకమైన చోట, ఒక సున్నా తీసేస్తే మళ్ళీ కటకమే అయింది.

ఆదివారం మధ్యాహ్నం. కిటికీ తలుపులు రెండూ తెరిచారు. ఆ బుల్లి లెన్సు ఉన్న కాస్త వెలుతురునూ ఎండాకాలపు గేదె తొట్టి తాగినట్టు తాగింది. అత్తగారికి ఆరడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చుంటే, జుట్టు మొదలు పాదాల దాకా ఆవిడ మొత్తం కిటికీ పక్క కుర్చీలో చక్కగా అమరిపోయారు. ఆరడుగులు! ఈ పద్నాలుగేళ్ళలో అల్లుడు అత్తగారికి ఎదురుగా అంత దగ్గరగా కూర్చున్నదీ అదే మొదలు.

"ఒకటి... రెండు... మూడు."

వాలినవి. మళ్ళీ వాలినవి. నాలుగోసారి కూడా వాలాక అత్తగారు మోకాళ్ళ మీద చేతులు వేసి లేవబోయారు. కంఠం నిబ్బరంగానే ఉంది. "చాలండి. రేపు పొద్దున్నే నేనే ఫోన్ చేస్తాను. ఆ మేకు వాళ్ళకే ఇచ్చేయమంటాను." చేయి మాత్రం కుర్చీ పక్కన పెట్టుకున్న, చిరిగిన ఉత్తరమున్న చేతిసంచీని తడుముకుంది.

"ఒక్కసారి, అత్తయ్యగారూ. ఆఖరిసారి."

ఆమె కూర్చున్నారు. అతడు లెక్క మొదలుపెట్టాడు. ఈసారి కన్ను కన్నా చెవి పెట్టాడు. ఒకటి. రెండు. మూడు అన్న క్షణంలో, ఆరడుగుల దూరం నుంచి మాత్రమే వినపడేంత చిన్నగా, ఆమె పెదవులు కదిలాయి.

"కళ్ళు మూసుకోండి."

అన్నదీ ఆమే, ఆజ్ఞ పాటించిందీ ఆమే.

అతడి చేతిలో కెమెరా కిందికి దిగింది. "అత్తయ్యగారూ, ఇప్పుడు మీరేమన్నారు?"

"నేనా? ఏమీ అనలేదే."

"అయ్యో అమ్మా!" అని ఇల్లాలు గుమ్మంలో కూలబడింది. "బళ్ళో! పొద్దున ప్రార్థనకి అందర్నీ నిలబెట్టి ఒకటి, రెండు, మూడు అని వేళ్ళు చూపిస్తూ లెక్కపెట్టి కళ్ళు మూయించేదానివి కదే! నేనూ అదే బళ్ళో చదివానండీ, రోజూ మూసుకునేదాన్ని!"

ఆహా! ముప్పైనాలుగు వత్సరములు, ఏడువేల ఉదయములు! మూడు అన్న అంకె ఆ రెప్పలకు తాళంచెవి! లోకంలోని ప్రతి ఫోటోగ్రాఫరూ, తెలియక, అదే తాళం వేస్తూ వచ్చాడు! ఈ రహస్యం గేటు దగ్గరి నుంచి ఎన్ని మూరల లెన్సుకైనా వినపడునా?

"అత్తయ్యగారూ, మరొక్కటి," అన్నాడు సర్వేయరు. ఆ కంఠంలో ఇప్పుడు వేయి ఏనుగుల నెమ్మది. వేలు మీటపై నిలిచెను. ఊపిరి నిలిచెను. కుక్కరు సైతం నిలిచెను.

"ఒకటి."

ఆమె వెన్ను నిటారైంది.

"రెండు."

రెప్పలు సన్నద్ధమైనవి.

"నాలుగు."

విస్ఫారితములాయెను నేత్రములు! గణిత గండభేరుండము కుర్చీలో రెక్క విదిల్చెను! కుడిచేయి పైకి లేచి మూడు వేళ్ళు నిక్కబొడుచుకున్నవి. "మూడేదీ? మూడెక్కడికి పోయిందండీ? సర్వేయరు ఉద్యోగం ఎవరిచ్చారు మీకు?"

క్లిక్!

ఒక సెకనులో నూరవ వంతు. అంత చాలు. మూడు పోతేనేం, అత్తగారికి మంచి మూడొచ్చింది. తెరమీది తన కళ్ళను తానే చాలాసేపు చూసుకున్నారు. "నావేనా ఇవి?" అన్నారు. "నావే," అని తనే జవాబిచ్చుకుని, చిరిగిన ఉత్తరాన్ని బయటికి తీసి, సరిగ్గా మడిచి, మళ్ళీ విప్పకుండా సంచీలో పెట్టుకున్నారు. కాసేపటికి, "ఆ వేళ్ళు మాత్రం అసహ్యంగా లేవూ?" అన్నారు. ఎవరూ వినిపించుకోలేదు.

సోమవారం సాయంత్రం, పటం అందజేసి, బడి నుంచి ఇల్లాలు తిరిగొచ్చింది.

"తగిలించారా?" అన్నాడు వీరుడు.

"తగిలించారు. మిగతావాళ్ళంతా ఫోటోలు; అమ్మ ఒక్కతే అక్కడ నిజంగా కూర్చున్నట్టుంది. ఎవరో పెద్దాయన, మీసాలు కూడా నెరిశాయి, మనవణ్ణి బళ్ళో చేర్పించడానికొచ్చాడు. పటం వైపు చూశాడు. ఆ మూడు వేళ్ళు చూడగానే..."

"చూడగానే?"

"చేతులు కట్టుకుని కళ్ళు మూసేసుకున్నాడండీ. 'సార్, ఇక్కడ సంతకం' అని గుమాస్తా రెండుసార్లు అడిగినా తెరవలేదు."

లోపలి గది నుంచి అత్తగారి గొంతు వినబడింది: "మొదటి వరస కుర్రాడయ్యుంటాడు. వాళ్ళు బుద్ధిమంతులు."

జయము! జయము! దిక్కులారా వినుడు! సీసా మూతంత లెన్సుతో, ఆరడుగుల దూరమున, ఒక అంకెను దాచి రెండు కళ్ళను గెలిచిన ఆ మహావీరుని కీర్తి, కచ్చితంగా పది అడుగుల రెండు అంగుళముల మేర వ్యాపించి, ఎదుటి గోడకు తగిలి, అక్కడే ఆగిపోయెను గాక!