గొర్రె తలకు అర్హులు

"నగర జీవనంలో నలిగిన ఆత్మలకు పల్లె ఒడిలో ఒక పూట! హోదాలు లేవు, హడావుడి లేదు, అందరమూ ఒక్కటే!"

కార్యాలయం పంపిన ఈ కాగితాన్ని అవ్వ నాచేత మూడోసారి చదివిస్తోంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని గొర్రె తల మీద బొచ్చు కాలుస్తున్నాను. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో తల. దేన్ని మంటలో పెడుతున్నానో చూసుకుంటూ చదవాల్సి వచ్చింది.

"ఆత్మలు ఎంతమందే?" అంది అవ్వ.

"ఎనిమిది ఆత్మలు, ఒక డ్రైవరు."

"డ్రైవరుకి ఆత్మ లేదా?"

"వేరే వరసలో రాశారవ్వా."

ఆల్మాటీ నగరం నుంచి మా ఊరికి గంట ప్రయాణం. వస్తున్నవాళ్ళు నగర ప్రజల విశ్రాంతిని పర్యవేక్షించే అధికారులు. ఏడాది పొడుగునా ఇతరుల విశ్రాంతిని చూసి చూసి పాపం అలిసిపోయారు. వాళ్ళకి మా ఇల్లు నచ్చితే విశ్రాంతి గృహాల జాబితాలో చేరుస్తారట. అందుకే గొర్రెను కోశాం.

పదకొండింటికి అధికారుల్లోనే ఒకరు నడుపుతున్న వ్యానూ, దాని వెనక ఒక నల్ల కారూ వచ్చి ఆగాయి. కారు వెనక సీటులో ప్రధానాధికారి యెర్మెక్‌గారు. డ్రైవరుకి డెబ్భై దాటి ఉంటాయి. దిగి, నడుము పట్టుకుని, చుట్టూ తిరిగొచ్చి ఆయనకి తలుపు తీశాడు. వ్యానువాళ్ళు లోపలికి వెళ్ళారు. నేను కట్టెల కోసం కారు వెనక్కి వెళ్ళాను. వాళ్ళిద్దరూ నన్ను చూడలేదు. నన్ను సాధారణంగా ఎవరూ చూడరు.

"నాన్నా, లోపల నన్ను సార్ అను. ఈ ఒక్క పూటే."

"పోయినసారీ ఒక్క పూటే అన్నావు కదరా."

"కొత్త పదవి నాన్నా! కారిచ్చారు గానీ డ్రైవర్నివ్వలేదు. ఆ కుర్మాన్‌కి తెలిస్తే ఆఫీసంతా టముకు వేస్తాడు."

"సరే సార్. చొక్కా గుండీ పెట్టుకోండి సార్. కొండగాలి మీకు పడదు."

కట్టెలు గుండెలకి హత్తుకుని అక్కడే నిలబడిపోయాను.

లోపల యెర్మెక్‌గారు చేతులు చాచి ప్రకటించారు: "ఇవాళ పెద్దా లేదు, చిన్నా లేదు! మనమంతా పశువుల కాపరుల బిడ్డలం! ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చోండి!"

ఎవరూ కూర్చోలేదు. ఆయన గుమ్మానికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట కూర్చున్నారు. అప్పుడు ఆయనకి కుడిపక్కన ఉపాధికారి కుర్మాన్, ఎడమపక్కన లెక్కలు చూసే గుల్షాత్, ఆపైన మిగతావాళ్ళు. జీతాల పట్టిక చేత్తో పట్టుకుని సర్దినా అంత సరిగ్గా కుదరదు! డ్రైవరు తాత గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు.

"సహజంగా ఉండండి!" అని యెర్మెక్‌గారు ఆజ్ఞాపించారు. అందరూ సహజంగా అయ్యారు. గుల్షాత్ ఫోటో తీసింది.

"పులిసిన గుర్రం పాలు! అమృతం!" అంటూ ఆయన ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టి, గిన్నెను గుమ్మం వైపు పంపించేశారు. తాత మొత్తం తాగి మూతి తుడుచుకున్నాడు. ఆ గదిలో విశ్రాంతిగా ఉన్నది ఆయనొక్కడే.

తర్వాత మాంసం వచ్చింది. పళ్ళెంలో అన్నిటికన్నా పైన, నేను కాల్చిన తల.

అవ్వ పళ్ళెం అందుకుని తిన్నగా గుమ్మం దగ్గరికి నడిచింది.

"అందరిలోకీ పెద్దవాడివి. తీసుకో అన్నా."

"వద్దమ్మా," అని తాత గాభరా పడ్డాడు. "సార్‌కివ్వు. నేను డ్రైవర్ని."

"పెద్దా చిన్నా లేదన్నారు కదా?"

"అది మాట వరసకమ్మా!" అంది గుల్షాత్ మర్యాదగా.

అవ్వ పళ్ళేన్ని యెర్మెక్‌గారి దగ్గరికి తెచ్చింది గానీ కింద పెట్టలేదు. "మీ నాన్న ఉన్నాడా నాయనా? తండ్రి బతికుండగా కొడుకు గొర్రె తల ముట్టకూడదు. అంటే ముసలాయన్ని నువ్వే పాతిపెట్టినట్టు."

యెర్మెక్‌గారు గుమ్మం వైపు చూశారు.

"మా నాన్న లేరండీ!" అన్నాడు కుర్మాన్ హుషారుగా. అప్పటికే చేతులు కడుక్కుని, తువాలుతో తుడుచుకుని, పళ్ళెం కిందికి చాచి ఉన్నాడు. "మూడేళ్ళయింది. సర్టిఫికెట్టు కూడా ఉంది. సార్ అనుమతిస్తే…"

ఏడుగురి కళ్ళూ యెర్మెక్‌గారి మీదే ఉన్నాయి. ఎనిమిదో జత గుమ్మం దగ్గర. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చెప్పొచ్చు. కానీ జాబితా ఉంది కదా! గరిటె కడిగిందే మళ్ళీ కడిగాను.

యెర్మెక్‌గారు కుర్మాన్ చేతుల వంక చూశారు.

"పోయారు," అన్నారు. "పదేళ్ళయింది."

"అయ్యో!" అంది గుల్షాత్. కుర్మాన్ చేతులు వెనక్కి తీసుకుని, తప్పదు గనక, తనూ "అయ్యో" అన్నాడు.

అవ్వ పళ్ళెం ఆయన ముందు పెట్టి, కూర్చుని, రెండు అరచేతులూ పైకి చాచింది. "పేరేమిటి నాయనా? ప్రార్థనలో చెప్పాలి."

"సపార్," అన్నారు యెర్మెక్‌గారు కిందికి చూస్తూ.

తన పేరు వినపడగానే తాత అలవాటుగా తలెత్తాడు. తర్వాత చుట్టూ చూశాడు. అందరూ చేతులు చాచి ఉన్నారు. పెద్దమనిషి కదా, ప్రార్థనకి అడ్డు రాకూడదు. ఆయన కూడా అరచేతులు చాచాడు. అవ్వ సపార్ ఆత్మకి శాంతి కోరింది, పచ్చటి చోట విశ్రాంతి ప్రసాదించమంది. చివర్లో అందరితోపాటు తాతా రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. అందరికన్నా కాస్త ఎక్కువసేపు.

"పల్లె అంటే ఆయనకి ప్రాణం," అన్నారు యెర్మెక్‌గారు గొంతు సవరించుకుని. "ఇవాళ ఉండుంటే ఎంత సంతోషించేవారో!"

గుల్షాత్ కళ్ళు ఒత్తుకుంది. యెర్మెక్‌గారు కత్తి తీసుకుని గొర్రె చెవి కోశారు. మా వైపు చెవి చిన్నవాళ్ళకిస్తారు, పెద్దల మాట వినాలని. ఆయన దాన్ని గుమ్మం వైపు చాచి, అందరూ చూసేలా నవ్వుతూ అన్నారు: "తీసుకో తాతా! మొహమాటపడకు!"

తాత లేచి వచ్చాడు. ఆ చెవిని తీసుకుని భద్రంగా యెర్మెక్‌గారి పళ్ళెంలోనే పెట్టాడు. వంగి, ఇంకా పెట్టుకోని ఆయన చొక్కా గుండీ పెట్టాడు. గోడకున్న టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. తలుపు వేసిన చప్పుడైనా కాలేదు. పోయి పదేళ్ళయిన మనిషి కదా!