మహారాజు లేరండీ

ఆ ఉదయం మందులషాపు ఆవిడ పెట్టుకున్న పని చాలా చిన్నది. షట్టరు ఎత్తగానే మహారాజుగారికి ఒక ఫోన్ చేయాలి, ఆయన చెప్పింది విని సాయంత్రం ప్రసంగంలో మొదటి వాక్యం పూర్తిచేసుకోవాలి. అంతే.

ఊరి చివర మూతపడిన రాతిక్వారీలో ఏటా ఒక ప్రాచీన నాటకం ఆడతారు. ఆరుబయట, తొలిచిన కొండ గోడల మధ్య. చిన్న మాటన్నా ఆ గోడలు మళ్ళీ ఒకసారి చెబుతాయి. ఈసారి తెర తీసేముందు ఆ నాటకాల చరిత్ర చెప్పే బాధ్యత ఆమె మీద పడింది. "ఈ నాటకాన్ని మొదలుపెట్టింది..." అని రాసుకుని, ఆ తర్వాత ఎవరిని పెట్టాలో తేలక రోజుల తరబడి పెన్ను కొరుకుతోంది.

తానే అంటారు మహారాజుగారు. అప్పట్లో ఆయన క్వారీ గుమస్తా. చోటు చూసిందీ, నాటకం ఎంచిందీ, రాజు వేషం కట్టిందీ ఆయనే. ఊళ్ళో ఆ పేరే నిలిచిపోయింది. కాదు, తానే అంటాడు లారీ బాబాయి. మొదటి ఏడాది కరెంటు లేని క్వారీలో తన లారీ హెడ్‌లైట్లు వేయకపోతే రాజు మొహం ఎవడు చూసేవాడని ఆయన వాదన. విదూషకుడి వేషమూ ఆయనదే. క్వారీకి కరెంటొచ్చిన ఏడు మహారాజుగారు, "ఇక నీ లారీ అక్కర్లేదు" అన్నారట. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మహారాజుగారిని ఏటా స్టేజీ మీద పెద్ద కుర్చీలో కూర్చోబెడతారు. ఆయన కూర్చుంటారు గనక బాబాయి ఆ చుట్టుపక్కలకే రాడు.

ఫోన్ మహారాజుగారి కోడలు ఎత్తింది.

"వదినగారూ, మామయ్యగారిని ఒకసారి పిలుస్తారా?"

అవతలినుంచి గొంతు వణుకుతూ వచ్చింది. "మామయ్యగారు... లేరండీ."

మందులషాపు ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టేసింది. "అయ్యో! ఎప్పుడండీ?"

"ఇందాకే... అంటే, పొద్దున్నే..." అంటూ కోడలు ముక్కు ఎగబీల్చి ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆవిడ వెంటనే భర్తని పురమాయించింది. నాటకానికి మైకు చూసేది ఆయనే. స్కూటరు మీద వెళ్ళి అంతే వేగంగా తిరిగొచ్చాడు. "తలుపుకి తాళం వేసుంది. కిటికీలకి కర్టెన్లు లాగేసున్నాయి. ఆస్పత్రి నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారేమో" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

ఆ 'ఏమో' అక్కడే రాలిపోయింది. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. నాటకం మానేద్దామని కొందరు, ఆడటమే ఆయనకి గౌరవమని కొందరు కాసేపు తర్జనభర్జన పడి, చివరికి ఆడాలనే తేల్చారు. రాజు వేషంలో ఉన్న ఆయన ఫొటోని మనిషెత్తు చేయించి పెద్ద కుర్చీలో నిలబెట్టారు. చరిత్ర చెప్పాల్సినావిడ నివాళి చెప్పాలని కూడా నిర్ణయమైపోయింది. ఆవిడ రాసిందంతా కొట్టేసి, మందుల అట్టపెట్టె వెనక మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడొచ్చాడు లారీ బాబాయి. కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమే బాబాయ్. వాళ్ళ కోడలే చెప్పారు."

ఆయన బీపీ మాత్ర అడిగి, నీళ్ళు లేకుండానే మింగేశాడు. "సాయంత్రం నన్ను కూడా రెండు ముక్కలు మాట్లాడనిస్తావా?"

ఆవిడ అట్టపెట్టె మీద ఆయన పేరు కూడా రాసుకుంది.

సాయంత్రం క్వారీ కిక్కిరిసింది. ఆవిడ తడబడుతూ చరిత్ర చెప్పి, మౌనం పాటిద్దామంది. జనమంతా లేచారు. మైకు పక్కన తలవంచుకుని నిలబడ్డ ఆవిడ, ఎవరైనా కూర్చుండిపోయారేమోనని కళ్ళెత్తి చూసింది. ఒకాయన కూర్చునే ఉన్నారు. ఆఖరి వరుసలో, మెడకి మఫ్లరు, తల మీద ఉన్ని టోపీ, పక్కన కోడలు. అటూ ఇటూ బిత్తరచూపులు చూస్తున్నారు మహారాజుగారు.

ఆవిడ గబుక్కున మైకు వైపు వంగింది. నోరు తెరిచేలోగా లారీ బాబాయి మైకు అందుకున్నాడు.

"నేను ఒప్పుకుంటున్నాను" అన్నాడు, కుర్చీలోని ఫొటో వైపు తిరిగి. "ఈ నాటకం మొదలెట్టింది వాడే. లారీ నాదే, కాదన్ను. కానీ ఆ లారీ ఇక్కడికెందుకు తెచ్చాను? వాడు రమ్మన్నాడు గనక."

ఆవిడ భర్త వైపు తిరిగి, మైకు ఆపమని గొంతు మీద చెయ్యి అడ్డంగా గీసి చూపించింది. బాబాయి గొంతు వినపడటం లేదంటోందనుకుని ఆయన సౌండు పెంచాడు. "వాడు రమ్మన్నాడు గనక" అని బాబాయి మళ్ళీ అనేసరికి క్వారీ గోడలన్నీ దద్దరిల్లాయి.

వెనకనుంచి ఒక గొంతు ఖంగుమంది. "ఇంకోసారి చెప్పరా! సరిగ్గా వినపళ్ళేదు!"

జనం మొత్తం వెనక్కి తిరిగారు. ఎవరో కెవ్వుమన్నారు. బాబాయి మొహంలో ముందు భయం, ఆ తర్వాత పట్టలేని సంతోషం, చివరికి మండిపాటు వచ్చాయి.

"బతికే ఉన్నావా!"

"నేను పోయానని ఎవరన్నార్రా?"

"మీ కోడలు లేరంది!"

మహారాజుగారు కోడలి వైపు తిరిగారు. "ఊళ్ళో లేరని చెప్పమన్నాను కదమ్మా. ఆ 'ఊళ్ళో' ఏమైంది?"

"అబద్ధం చెప్పడం అలవాటు లేదు మామయ్యా. కంగారులో మింగేశాను" అంది కోడలు, ఏడుపు ఆపుకుంటూ. "తర్వాతేమో తాళం వేయమన్నారు, ఫోన్ ఎత్తొద్దన్నారు."

"ఎందుకురా ఈ దొంగ వేషం?" అన్నాడు బాబాయి.

మహారాజుగారు టోపీ తీసి చేతిలో నలిపారు. "నేనుంటే నువ్వు రావుగా. నేను లేనని తెలిస్తే ఈ ఏడైనా వస్తావని..."

మందులషాపు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళకి ఒక్కటయ్యారనుకుంది. అంతలో బాబాయి మైకు గట్టిగా పట్టుకున్నాడు.

"అయితే నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను! మొదలెట్టింది నేనే!"

"ఇంతమంది ముందు ఒప్పుకుని!"

"పోయావనుకుని ఒప్పుకున్నాను! బతికున్నవాడికి వర్తించదు!"

మహారాజుగారు క్వారీ మెట్లన్నీ దిగి స్టేజీ ఎక్కారు, తన ఫొటోని పక్కకి నెట్టి కుర్చీలో కూర్చున్నారు. "లేవరా" అని బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని లాగాడు. ఒకరు చోటు అంటే ఒకరు లైట్లన్నారు. ఒకరు వేషం అంటే ఒకరు డీజిలన్నారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు, ఈలలు వేశారు. చివరికి రొప్పుతూ ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటే, చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అసలు నాటకానికి తెర తీసేసరికి, సగం మంది అయిపోయిందనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు.