స్టీరింగు పక్కన విందు

ఆ శుక్రవారం పొద్దున దిలావర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. జుమ్మా నమాజు చదవాలి, ఖతీఫ్ చేపల మార్కెట్టులో మంచి చేప ఒకటి కొనాలి, భార్య చేత పులుసు పెట్టించుకుని తిని, సాయంత్రం దాకా పడుకోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. దిలావర్ కూడా అలాగే అనుకున్నాడు.

"చేపలు మన రాయచోట్లో గూడా దొరుకుతాయి లేయ్యా," అంది ఫక్రున్నీసా, బుర్ఖాకు పిన్ను పెట్టుకుంటూ. "నువ్వు ఫోటోలు పంపిస్తాంటివే, ఆ కొరియా హోటలు, ఆడికి తీస్కపో."

దిలావర్‌కు టీ గొంతులో అడ్డం పడింది.

"ఆడ అంతా పచ్చిపచ్చిగా ఉంటాదిమే. నీకు పడదు."

"నీకు ఇన్నేండ్లు పడింది, నాకు ఒక్క పూట పడదా?"

ఇక్కడ దిలావర్ సంగతి కొంచెం చెప్పాలి. అతను ఈ అరబ్బు దేశంలో ఒక ఆయిల్ సర్వీసుల కంపెనీలో డ్రైవరు. పక్కనే ఉన్న ఖోబర్ నగరంలోని విదేశీ హోటళ్ళన్నీ అతనికి కొట్టిన పిండి. లెబనాన్ హోటలైనా, టర్కీ హోటలైనా, ఇటలీ హోటలైనా, దాని ముందు మధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో, ఎక్కడ కారు ఆపితే చలానా వస్తుందో, వాచ్‌మన్ మంచివాడో కాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. లోపల ఏముంటుందన్నది మాత్రం అడగకూడదు. సార్లు లోపల తినేవారు. దిలావర్ కారులో కూర్చుని ఖుబూస్ రొట్టె, టమాటా కూర తినేవాడు.

వచ్చిన కొత్తలో ఈ మాట ఉన్నదున్నట్టు ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి ఫక్రున్నీసా అన్నం ముట్టలేదు. కలో గంజో ఈడే తాగుదాం, వచ్చెయ్యమని వారం రోజులు ఏడ్చింది. ఆ ఏడుపు దిలావర్ తట్టుకోలేకపోయాడు. తర్వాత ఒకనాడు సారు ఇంటికి తెమ్మన్న పార్సిలు ముందు సీట్లో ఘుమఘుమలాడుతూ కనిపించింది. మూత తీసి ఒక ఫోటో కొట్టి, మళ్ళీ మూత పెట్టి, తీసుకెళ్ళి సారుకు అందించాడు. ఆ ఫోటోను మాత్రం ఇదే ఈపొద్దు నా భోజనమని భార్యకు పంపాడు. ఆమె నవ్వుతూ ఫోన్ చేసింది. అప్పటినుంచి దేశానికో ఫోటో చొప్పున రాయచోటికి వెళ్తూనే ఉంది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి వంద అబద్ధాలు కావాలంటారు. దిలావర్‌కు ఒక్కటే సరిపోయింది, కూరలు మారుతుంటే చాలు.

ఇప్పుడామె విజిట్ వీసా మీద వచ్చి ఎదురుగా కూర్చుంది. పరువు పోతే పోనీ, పరువుదేముంది. కానీ ఇన్నేళ్ళూ తను కారులో ఒంటరిగా రొట్టె నమిలాడని తెలిస్తే ఆమె మళ్ళీ ఏడుస్తుంది, ఇన్నేళ్ళ ఏడుపూ ఒకేసారి ఏడుస్తుంది. అతని భయమంతా అదే.

కారు లేదని తప్పించుకునే దారి కూడా లేదు. భార్యకు ఊరు చూపించమని చోయ్ సారు కంపెనీ కారు ఆ రోజుకు అతనికే వదిలేశాడు. చోయ్ సారు కొరియాలోని ఉల్సాన్ నగరం నుంచి వచ్చిన ఇంజనీరు. రెండేళ్ళుగా దిలావరే ఆయన డ్రైవరు. మాటలు తక్కువ, దణ్ణాలు ఎక్కువ. ఆయన ఊరి తిండి కోసం మొహం వాచి ఉంటాడని మొదటి రోజే కనిపెట్టి, ఎవరూ చెప్పకుండానే దిలావర్ ఆయన్ని నేరుగా ఈ కొరియా హోటలుకు తీసుకొచ్చాడు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు తీసుకొస్తూనే ఉన్నాడు.

హోటలు మేనేజరు ముస్తాక్ హైదరాబాదువాడు. పార్సిళ్ళ దగ్గర దిలావర్‌తో బాగా స్నేహం. నమాజయ్యాక హోటలు ముందు ఆగిన కంపెనీ కారును అద్దంలోంచి చూసి తలుపు దాకా ఎదురొచ్చాడు.

"ఏంది దిలావర్ భాయ్, లోపలికొచ్చినవ్? సాబ్ ఏడున్నడు?"

భార్య వెనకాల నిలబడి దిలావర్ గట్టిగా కన్ను కొట్టాడు. నా బండారం బయటపెట్టకురా నాయనా అని దాని అర్థం. కానీ హోటలు నడిపేవాళ్ళకు కన్ను కొడితే తెలిసిన అర్థం ఒక్కటే. ఎవరిదో పుట్టినరోజు, ఎవరికీ చెప్పకూడదు.

"సమజైంది," అన్నాడు ముస్తాక్ గొంతు తగ్గించి. "ఎనకొస్తున్నరా?"

"ఆ."

"ఎప్పటి టేబులేనా?"

"ఎప్పటిదే."

"ఎప్పటి ఐటమ్సేనా?"

"అవే," అన్నాడు దిలావర్. అతనికి అప్పుడు కావలసింది ముస్తాక్ నోరు మూయడం.

"ఈడ నీకు శానా మర్యాద ఉండాదే," అంది ఫక్రున్నీసా మెల్లగా. దిలావర్ మెడ నిటారుగా అయింది. ఉన్న భయానికి తోడు ఇప్పుడు కొంచెం గర్వం కూడా వచ్చి చేరింది.

ఎప్పటి టేబులంటే కంపెనీ అతిథులొచ్చినప్పుడు వేసే టేబులు. లోపలి గదిలో ఈ చివర మాట్లాడితే ఆ చివర వినపడనంత పొడుగున ఉంది. పన్నెండు కుర్చీలు, పన్నెండు పళ్ళేలు.

"ఇద్దరికి ఇంత టేబులా?"

"రెగ్యులర్ కస్టమర్లకు అంతేమే. కాళ్ళు చాపుకోవచ్చు."

ఇంతలో వడ్డించే అమ్మాయి చిన్న చిన్న గిన్నెలు తెచ్చి వరసగా పెట్టింది. ఎర్రటి క్యాబేజీ ఊరగాయ, మొలకలు, ముల్లంగి ముక్కలు, వేలెడైనా లేని ఎండు చేపలు, తియ్యగా ఉడికించిన నల్ల చిక్కుడు గింజలు. దిలావర్ అవన్నీ చూసి ఇదే భోజనమని నిర్ధారించుకున్నాడు.

"ఇంతేనా?" అంది ఫక్రున్నీసా.

"ఇంతే. వాళ్ళు కొంచెం కొంచెం తింటారు. అందుకే అంత సన్నగా ఉంటారు."

"నువ్వు పుల్లల్తో తింటాన్నని చెప్తాంటివే, తిని చూపియ్యి."

దిలావర్ ఉక్కు పుల్లలు రెండూ అందుకుని ఒక గింజను పట్టబోయాడు. అది ఎగిరి వెళ్ళి నీళ్ళ జగ్గులో పడింది. రెండో గింజ ఎక్కడ పడిందో అతనికి తెలియదు. ఈపొద్దు చెయ్యి నొప్పిగా ఉందని చెప్పి పుల్లలు పక్కన పెట్టేశాడు. ఇద్దరూ హాయిగా చేత్తో తినడం మొదలుపెట్టారు.

గిన్నెలో ఏదీ వదలకూడదని దిలావర్‌కు వాళ్ళమ్మ నేర్పింది. దేవుడిచ్చిన తిండి పారేస్తే పాపం. ఫక్రున్నీసా పుట్టింట్లోనూ అదే పద్ధతి. అందుకని ఇద్దరూ అన్ని గిన్నెలూ అద్దంలా తుడిచి పెట్టారు. వడ్డించే అమ్మాయి నవ్వుతూ వచ్చి అన్నింటినీ మళ్ళీ నింపింది. వాళ్ళు మళ్ళీ తుడిచారు. ఆమె మళ్ళీ నింపింది.

"పెండ్లి వడ్డన మాదిరి పెడతాండారే! చాలని చెప్పయ్యా," అంది ఫక్రున్నీసా, నడుము కొంచెం వెనక్కి వాల్చి.

"చెప్తే ఏం బాగుంటాది? ఆ పిల్ల బాధపడతాది," అన్నాడు దిలావర్. అసలు సంగతి వేరు. రోజూ వచ్చేవాడు ఇదెంత ఖరీదు, ఎన్నిసార్లు పెడతారు అని అడిగితే ఏం బాగుంటుంది? మొహమాటమనేది మనవాళ్ళకు పుట్టుకతో వచ్చే జబ్బు. పరాయి దేశంలో అది ఇంకా ముదురుతుంది. ఎండు చేపలు నాలుగోసారి వచ్చేసరికి దిలావర్ వాటి కళ్ళలోకి చూడటం మానేశాడు.

బయట ముస్తాక్ ఊరుకున్నాడా, ఊరుకోలేదు. విందు ఇచ్చే సారు ఇంకా రాలేదని చోయ్ సారుకే ఫోన్ చేశాడు. సార్, మీ టేబులు సిద్ధం, మీ డ్రైవరు భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు, మాంసం పెట్టించమంటారా అని అడిగాడు. చోయ్ సారు అప్పుడే నిద్ర లేచాడు. ఏ విందు గురించీ ఆయనకు తెలియదు. కానీ డ్రైవరు భార్య అంత దూరం నుంచి వచ్చి తనకోసం ఎదురుచూస్తోందంటే, పిలిచిన మాట తానే మరిచిపోయి ఉంటానని తేల్చుకున్నాడు. పెట్టించమన్నాడు. ఉత్త చేతులతో వెళ్ళడం ఆయన దేశంలో అమర్యాద. పండ్ల పెట్టె ఒకటి కొనుక్కుని టాక్సీ ఎక్కాడు.

లోపలి గదిలోకి ముందుగా నిప్పుల కుంపట్లు వచ్చాయి. వాటి వెనకాల పన్నెండు మందికి సరిపడా మాంసం వచ్చింది.

"ఇదేందయ్యా?"

"ఇది... ఇదిప్పుడు భోజనం."

"మరి ఇంతసేపూ తినిందేంది?"

"అది ఊరికే," అన్నాడు దిలావర్, నుదుటి చెమట తుడుచుకుంటూ. ముస్తాక్‌ను చాటుగా పట్టుకుని కాళ్ళావేళ్ళా పడదామని లేచాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని, తడి జుట్టు నున్నగా దువ్వుకున్న చోయ్ సారు పండ్ల పెట్టెతో నడుము దాకా వంగి ఫక్రున్నీసాకు నమస్కారం పెట్టాడు.

సారు లోపలికొస్తే డ్రైవరు బయటికెళ్ళాలి. ఇన్నేళ్ళ అలవాటు. దిలావర్ కాళ్ళు వాటంతటవే పార్కింగు వైపు నడిచాయి. ముస్తాక్ అతన్ని గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏడికి పోతవ్? ఇయ్యాల గూడ కార్లనేనా?" అని, ఫక్రున్నీసా వైపు తిరిగాడు. "చెల్లే, నువ్వన్న చెప్పమ్మా. రెండేండ్ల సంది పిలుస్తున్న, లోపలికొచ్చి చాయ్ తాగుమని. ఒక్కనాడు గడప తొక్కలే. ఎప్పుడు చూసినా ఆ కారు, ఆ ఖుబూస్, ఆ టమాట. ఇయ్యాల నువ్వొచ్చినవని లోపలికొచ్చిండు."

దిలావర్ తల వంచుకున్నాడు. ఇక ఏడుపు మొదలవుతుందని చెవులు గట్టి చేసుకున్నాడు.

"నాకు తెల్సు," అంది ఫక్రున్నీసా.

"ఏం తెల్సు?"

"అన్ని ఫోటోల్లో స్టీరింగు ఉండాది. హోటల్లో స్టీరింగు యాడన్నా ఉంటాదా? ఒకదాంట్లో అయితే గేరు పక్కన నీ ఖుబూస్ గూడా ఉండాది."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదే?"

"అంత కష్టపడి మూత తీసి, ఫోటో కొట్టి, మళ్ళ మూత పెడతాంటివి. వద్దని ఎట్ల చెప్పేది? నేనేమన్నా తక్కువా? నిన్న కోడి, ఈపొద్దు పొట్టేలని నేను చెప్పలేదా? సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నంజుకుంటా చెప్తాంటి ఆ మాటలు."

"మరి ఈడికే రావాలని ఎందుకు పట్టు పట్టినావు?"

"నువ్వు కూర్చునే తావు చూద్దామని," అంది ఆమె. "పార్కింగు చూపిస్తావనుకుంటి. నువ్వు లోపలికి తీస్కొస్తివి."

దిలావర్ ఆమె ఏడుపుకు సిద్ధపడ్డాడు గానీ తన ఏడుపుకు సిద్ధపడలేదు. గోడ వైపు తిరిగి, కుంపటి పొగ కళ్ళలో పడిందని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

ఏం జరిగిందని చోయ్ సారు అడిగాడు. దిలావర్ తనకొచ్చిన ఇంగ్లీషులో మొదటి ఫోటో నుంచి చెప్పుకొచ్చాడు. సారు కుంపటి మీద మాంసం ముక్కలు ఒక్కొక్కటే తిరగేశాడు. తర్వాత ఆయన కూడా, నేరం ఒప్పుకుంటున్నవాడిలా, మెల్లగా మొదలుపెట్టాడు.

"ఉల్సాన్‌లో ప్రతి శనివారం నేనూ నా భార్యా బయట తినేవాళ్ళం. మా తిండి ఇంట్లో ఎలాగూ ఉంటుంది కదా. అందుకని ఒక వారం వియత్నాం హోటలు, ఒక వారం ఉజ్బెక్ హోటలు. ఎక్కువ వారాలు ఇండియా హోటలు. బిర్యానీ అంటే నాకు ప్రాణం. ఇక్కడ దిగిన రోజు, డ్రైవరు ఇండియావాడని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు నన్ను తిన్నగా ఇక్కడికి తీసుకొచ్చావు."

"మీకు ఇల్లు గుర్తొస్తుందని, సార్."

"ఈ మేనేజరు నీ స్నేహితుడు, అతనికి బేరం తేవాలని తెచ్చావనుకున్నాను. కాదంటే నువ్వు నొచ్చుకుంటావని రెండేళ్ళూ ఇదే తిన్నాను. నిజం చెప్పాలా? ఈ ఊరగాయ మా ఆవిడ పెట్టినట్టు లేదు. తిన్న ప్రతిసారీ బెంగ పెరిగేది."

మొహమాటానికి కొరియా భాషలో ఏమంటారో దిలావర్‌కు తెలియదు గానీ, ఆ జబ్బు అక్కడా ఉందని మాత్రం అర్థమైంది. సంగతి తెలుగులో విన్న ఫక్రున్నీసా తల కొట్టుకుంది.

"వచ్చే శుక్రవారం మనింటికి రమ్మను. బిర్యానీ చేస్తా."

నాలుగుసార్లు నిండిన గిన్నెల గురించి దిలావర్ చివరికి నోరు తెరిచి అడిగాడు. ముస్తాక్ విరగబడి నవ్వాడు. అవి భోజనంతో పాటు ఊరికే ఇచ్చేవట.

"ఖాళీ అయితే నింపుడు వీళ్ళ మర్యాద. ఖాళీ చేసుడు మీ మర్యాద. ఇద్దరు మర్యాదస్తులు ఎదురుపడితే నా కిచెన్‌కు తాళం పడుతది భాయ్. జర్ర మిగిల్చితే అయిపోతుండె."

మిగిలిన మాంసమంతా కంపెనీ క్యాంపులోని కుర్రాళ్ళకు పార్సిలు కట్టించారు. బయటికొచ్చాక ఫక్రున్నీసా వెనక సీటెక్కలేదు. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, అద్దంలోంచి ఎదుటి గోడను, దాని కింద సన్నగా పడే నీడను చూసింది. ఇన్నేళ్ళూ భర్త భోజనం చేసిన గది అది. ఖుబూస్ ఎక్కడ పెట్టుకునేవాడో చూపించమంది. దిలావర్ చూపించాడు. ఆమె అక్కడ చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంచింది. చోయ్ సారు అంతసేపూ ఆమెకు తెచ్చిన పండ్ల పెట్టె పట్టుకుని ఎండలోనే నిలబడ్డాడు.

తర్వాతి శుక్రవారం దిలావర్‌కు సెలవిచ్చి చోయ్ సారు తానే కారు నడుపుకుంటూ ఖతీఫ్ వచ్చాడు. ఆ సన్న సందుల్లో, నమాజు విడిచే వేళ, కారు పెట్టే చోటు కోసం తిరిగి తిరిగి, చివరికి ఒక చేపల బండి వెనక ఇరుక్కుపోయి ఫోన్ చేశాడు. దిలావర్ పరుగున దిగాడు. మీరు పైకెళ్ళండి సార్, నేను కారులో ఉంటానన్నాడు. చోయ్ సారు ససేమిరా అన్నాడు, ఆ రోజు దిలావర్ డ్రైవరు కాదట. పైన బిర్యానీ చల్లారిపోతుండటంతో ఫక్రున్నీసా టిఫిన్ క్యారియరు కట్టి కిందికి పంపింది. ఇద్దరూ ముందు సీట్లలో కూర్చుని, డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. దిలావర్ అలవాటు కొద్దీ అడుగున నాలుగు మెతుకులు కూడా వదల్లేదు. చోయ్ సారు మాత్రం తినబోయే ముందు తన డబ్బాకు ఒక ఫోటో తీసి, ఇండియా హోటల్లో భోజనం చేస్తున్నానని ఉల్సాన్‌లోని భార్యకు పంపాడు.

ఫోటోలో స్టీరింగు పడింది.